వడ్డించేవాడు మారితే మాట మారుతోంది: కోల్‌కతా మెట్రో చెబుతున్న బడ్జెట్ కథ

కోల్‌కతాలో 13.61 కిలోమీటర్ల కొత్త మెట్రో మార్గాలను ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2025 ఆగస్టు 22న ప్రారంభించారు. నోవాపాడా నుంచి విమానాశ్రయానికి, ఎస్ప్లనేడ్ నుంచి సియాల్దాకు, బేలేఘాటా నుంచి హేమంత ముఖోపాధ్యాయ స్టేషన్‌కు వెళ్లే మార్గాలు వీటిలో ఉన్నాయి. ఆ కార్యక్రమానికి ముఖ్యమంత్రి మమతా బెనర్జీ హాజరు కాలేదు. కోల్‌కతా మెట్రో విస్తరణకు తాను రైల్వే మంత్రిగా ఉన్నప్పుడే ప్రణాళిక వేసి అనుమతులు ఇచ్చానని ఆమె అదే రోజు సామాజిక మాధ్యమంలో గుర్తుచేశారు.

ఇద్దరి వాదనలోనూ కొంత నిజం ఉంది. ఒకరు మంజూరు చేశారు, మరొకరి హయాంలో రైలు నడిచింది. కానీ రెండు పక్షాలూ పక్కన పెట్టిన ప్రశ్న ఒకటి ఉంది. ప్రభుత్వ ధనం ఏ ప్రాంతానికి, ఏ కొలమానం ప్రకారం వెళ్లాలి? అవసరం, అర్హతలను చూసి వెళ్లాలా, లేక బడ్జెట్ రాసే కలం ఎవరి చేతిలో ఉందో చూసి వెళ్లాలా?

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని తెలుగు సామెత. రాజకీయ ప్రయోజనం కోసం బడ్జెట్ నిధులను సొంత ప్రాంతానికో, మిత్రపక్షానికో, ఓటు వర్గానికో మళ్లించే నిధుల పందేరానికి ఇంతకన్నా సరిపోయే మాట లేదు. దాదాపు అన్ని పార్టీలూ ఎదుటివారు ఇలా చేస్తే పక్షపాతం అంటాయి, తాము చేస్తే న్యాయం అంటాయి.

రైల్వే శాఖ ఈ తీరుకు పాత నిదర్శనం. 1982 నుంచి 1984 వరకు రైల్వే మంత్రిగా ఉన్న ఘనీఖాన్ చౌదరి పేరు నేటికీ ఆయన సొంత జిల్లా మాల్దా అభివృద్ధితో ముడిపడి ఉంది. దేశంలో తొలి మెట్రో రైలు కూడా ఆయన హయాంలోనే, 1984 అక్టోబర్ 24న కోల్‌కతాలో నడిచింది. అనంతరం మమతా బెనర్జీ వాజ్‌పేయి ప్రభుత్వంలో ఒకసారి, మన్మోహన్ సింగ్ ప్రభుత్వంలో 2009 నుంచి 2011 వరకు మరోసారి ఆ శాఖను నిర్వహించారు. ఆ రెండో దఫాలో కాంచ్రాపాడాకు కోచ్ ఫ్యాక్టరీ ప్రకటించారు. కోల్‌కతాలో కొత్త మెట్రో మార్గాలు మంజూరయ్యాయి. 2010 డిసెంబర్‌లో కోల్‌కతా మెట్రో రైల్వేలలో 17వ జోన్‌గా మారింది. 2011 మేలో పశ్చిమ బెంగాల్ శాసనసభ ఎన్నికల ఫలితాలు వెలువడ్డాయి. 34 ఏళ్ల వామపక్ష పాలన ముగిసి ఆమె ముఖ్యమంత్రి అయ్యారు.

రైల్వే శాఖ తరచూ వెల్లడించే లెక్కలను ఇక్కడ చూడాలి. 2009–14 మధ్య పశ్చిమ బెంగాల్‌కు ఏటా సగటున 4,380 కోట్ల రూపాయలు కేటాయించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు దక్కిన సగటు 886 కోట్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం బెంగాల్ జనాభా దాదాపు 9.13 కోట్లు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా దాదాపు 8.46 కోట్లు. జనాభాలో స్వల్ప తేడా ఉన్న రెండు రాష్ట్రాల మధ్య కేటాయింపులో సుమారు ఐదు రెట్ల తేడా కనిపిస్తోంది. కేంద్రంలోని ప్రస్తుత ప్రభుత్వం గత ప్రభుత్వంతో తనను పోల్చుకునేందుకు ఈ అంకెలను వాడుతోందన్నది వాస్తవం. ఒక రాష్ట్రానికి మెట్రో వంటి భారీ పథకాలు ఉంటే సగటు పెరగడమూ సహజమే. అయినా ఇంత అంతరాన్ని అవసరాల తేడాతో మాత్రమే వివరించడం కష్టం.

ఇంత కేటాయింపు జరిగినా బెంగాల్‌కు అందినది ఎంత? నిధుల పందేరంలో ప్రకటన వెలువడిన రోజే రాజకీయ లాభం చేకూరుతుంది. పని పూర్తి కావడం తరువాతి ప్రభుత్వాల భారం. జోకా నుంచి బి.బి.డి.బాగ్ మెట్రో మార్గానికి 2010 సెప్టెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ శంకుస్థాపన చేశారు. జోకా–తారాతలా మధ్య ఆరున్నర కిలోమీటర్ల తొలి భాగం 2022 డిసెంబర్ 30న ప్రారంభమైంది. 2024 మార్చిలో అది మాజేర్‌హాట్ చేరింది. నగరం నడిబొడ్డుకు చేరే సొరంగ మార్గం ఇంకా నిర్మాణంలోనే ఉంది. భూసేకరణకు రాష్ట్రం సహకరించడం లేదని కేంద్రం అంటుంది, కేంద్రం నిధులు ఇవ్వడం లేదని రాష్ట్రం అంటుంది. ఈలోగా దక్షిణ శివార్ల ప్రయాణికుడు ఇంకా బస్సు కోసం ఎదురుచూస్తున్నాడు.

ఈ జాప్యానికి ఆర్థిక కారణమూ ఉంది. 2009–10లో రైల్వేలు సంపాదించిన ప్రతి 100 రూపాయలలో 95కు పైగా నిర్వహణకే ఖర్చయ్యాయి. కొత్త పనులకు మిగిలేది స్వల్పం. అయినా ప్రకటనలు ఆగలేదు, చార్జీలు పెంచడానికి రాజకీయ అంగీకారం దొరకలేదు. 2012 మార్చిలో చార్జీలు పెంచిన దినేశ్ త్రివేది తన సొంత పార్టీ తృణమూల్ ఒత్తిడితోనే రైల్వే మంత్రి పదవి వదులుకోవలసి వచ్చింది. వడ్డన మాత్రం ఘనంగా సాగాలి, వంటసరుకు ఎక్కడి నుంచి వస్తుందో అడగరాదు అన్న చందాన ఆ రాజకీయం నడిచింది.

2017లో రైల్వే బడ్జెట్‌ను సాధారణ బడ్జెట్‌లో విలీనం చేయడంతో రాష్ట్రాలవారీగా రైళ్లు ప్రకటించే వేడుక ముగిసింది. పందేరం మాత్రం మరో రూపంలో కొనసాగింది. 2024 ఎన్నికలలో బీజేపీకి 240 స్థానాలే దక్కడంతో 16 మంది ఎంపీలున్న తెలుగుదేశం, 12 మంది ఉన్న జేడీయూల మద్దతు కీలకమైంది. ఆ జులై 23న ప్రవేశపెట్టిన బడ్జెట్‌లో అమరావతికి 15,000 కోట్ల రూపాయలు సమకూరుస్తామని, బీహార్‌లో రహదారులకు 26,000 కోట్లు వెచ్చిస్తామని ప్రకటించారు. ఇది కుర్చీ కాపాడుకునే బడ్జెట్ అని తృణమూల్ సహా ప్రతిపక్షాలు దుయ్యబట్టాయి. విమర్శలో పస ఉంది. కానీ సంకీర్ణ ప్రభుత్వంలో రైల్వే శాఖను చేతిలో ఉంచుకుని సొంత రాష్ట్రానికి ప్రాజెక్టులు తెచ్చుకున్న పార్టీ నుంచి ఆ విమర్శ రావడమే విశేషం.

తెలుగు నేతలూ ఇందుకు మినహాయింపు కాదు. ప్రత్యేక హోదా ఇవ్వలేదన్న కారణంతో 2018లో ఎన్డీయేను వీడిన తెలుగుదేశం, 2024లో హోదా లేకుండానే ఆ బడ్జెట్‌ను స్వాగతించింది. అమరావతికి ప్రకటించిన మొత్తం బహుళపక్ష సంస్థల ద్వారా సమకూర్చేది. ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకుల రుణాలు అందులో ప్రధానం. ఆ వివరం హర్షధ్వానాల మధ్య మరుగున పడింది. 1980లలో కాజీపేటకు రావలసిన కోచ్ ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకు తరలిపోయిందన్న ఆవేదన తెలంగాణలో నేటికీ ఉంది. వడ్డించే పంక్తిలో మనవాడు లేనప్పుడు ఏమవుతుందో ఆ జిల్లా ప్రజలకు తెలుసు.

మరోవైపు, ఉచిత తాయిలాల సంస్కృతి దేశానికి ప్రమాదకరమని ప్రధానమంత్రి 2022 జులైలో హెచ్చరించారు. మరుసటి ఏడాదే బీజేపీ పాలిత మధ్యప్రదేశ్‌లో, 2024లో ఆ పార్టీ భాగస్వామిగా ఉన్న మహారాష్ట్ర ప్రభుత్వంలో మహిళలకు నెలనెలా నగదు ఇచ్చే పథకాలు ఎన్నికలకు ముందే మొదలయ్యాయి. ఇవి బెంగాల్‌లో 2021లో ఆరంభమైన లక్ష్మీర్ భాండార్ పథకాన్ని పోలినవే.

రాష్ట్ర ప్రభుత్వ వైఖరిలోనూ వైరుధ్యం తక్కువేమీ కాదు. 2018లో ఒక్కో దుర్గాపూజ కమిటీకి 10,000 రూపాయల చొప్పున సుమారు 28,000 కమిటీలకు సాయం చేశారు. 2025లో అది కమిటీకి 1,10,000 రూపాయలకు పెరిగింది. 40 వేల కమిటీలకు లెక్కవేసినా మొత్తం 440 కోట్లవుతుంది. పూజల సందర్భంగా చేతివృత్తులవారికి, చిరువ్యాపారులకు ఉపాధి లభిస్తుందన్న ప్రభుత్వ వాదనను తోసిపుచ్చలేం. అయితే అదే సంవత్సరం ఉద్యోగుల కరవు భత్యం బకాయిలలో 25 శాతం చెల్లించాలని మే 16న సుప్రీంకోర్టు ఆదేశిస్తే, రాష్ట్రం ఆర్థిక ఇబ్బందులు చూపి గడువు కోరింది. ఇష్టపూర్వక దానానికి ఖజానా తెరిచి, చట్టబద్ధమైన బాకీకి మూసివేయడం సమర్థనీయం కాదు.

ఇంతకన్నా తీవ్రమైన ఉదాహరణ కేంద్రం వైపు ఉంది. అవకతవకల ఆరోపణలతో 2022 మార్చి నుంచి బెంగాల్‌కు గ్రామీణ ఉపాధి హామీ నిధులు నిలిపివేశారు. అక్రమాలపై విచారణ అవసరమే. కానీ అక్రమం చేసినవారితో పాటు చెమటోడ్చిన కూలీలందరికీ పని హక్కు దూరమైంది. 2025 ఆగస్టు 1 నుంచి పథకాన్ని పునరుద్ధరించాలని కలకత్తా హైకోర్టు జూన్‌లో ఆదేశించింది. అదే ఆగస్టులో నగరంలో మెట్రో ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. పందేరం సాగే చోట ముందుగా దెబ్బతినేది నిబంధన ప్రకారం రావలసిన సొమ్మేనని ఈ రెండు ఘటనలూ తెలియజేస్తున్నాయి.

ప్రజాప్రతినిధి తన ప్రాంతం కోసం అడగడం తప్పు కాదు. అడగడానికే ప్రజలు పంపారు. అడిగినది దక్కడానికి పదవి ఒక్కటే అర్హత కావడం తప్పు. కేంద్ర పన్నులలో రాష్ట్రాల వాటాను ఆర్థిక సంఘం జనాభా, విస్తీర్ణం, ఆదాయ అంతరం వంటి ప్రమాణాలతో నిర్ణయిస్తుంది. ఆ సూత్రం మీద వాదోపవాదాలు ఉండవచ్చు గానీ, సూత్రమంటూ ఒకటి ఉంది. రైల్వే మార్గాలకు, ప్రత్యేక ప్యాకేజీలకు, సంఘాలకిచ్చే విరాళాలకు కూడా అటువంటి బహిరంగ ప్రమాణం కావాలి. ఏ పథకాన్ని ఎందుకు ఎంచుకున్నారు, పూర్తికి ఎంత కావాలి, ఏటా ఎంత ఇస్తారన్న వివరాలు ప్రకటన రోజునే ప్రజల ముందు ఉంచాలి.

ఓటరు వేయవలసిన ప్రశ్న కూడా ఇదే. తమ రాష్ట్రానికి ఎంత తెచ్చారని నాయకుడిని అడగడంతో ఆగకుండా, ఇదే కేటాయింపు ప్రత్యర్థి రాష్ట్రానికి జరిగితే ఏమనేవారని కూడా అడగాలి. ఆ ప్రశ్నకు ఒకే జవాబు చెప్పగల నాయకుడికే పందేరాన్ని విమర్శించే నైతిక హక్కు ఉంటుంది.