మా రక్తం పనికిరాదా?

ఈ హాస్టల్ అన్నం తిని చదువుకున్న నలుగురం కలిసి రాస్తున్న మాటలివి. మేము డి.ఎం.ఎల్.టి. చేసి, వేర్వేరు ఊళ్ళలోని రక్తనిధి కేంద్రాల్లో పనిచేస్తున్నాం. దాతల నుంచి రక్తం, ప్లేట్‌లెట్లు సేకరించడం మా ఉద్యోగం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగితే, రక్తదానం చేయండి అంటూ నాలుగు ముక్కలు రాసి పంపుదామనుకున్నాం. ఆ మాట ప్రతి ఆసుపత్రి గోడ మీదా ఉంది. గోడ మీద లేని సంగతి ఒకటి చాలాకాలంగా మా మనసులో ఉంది. అదే ఇక్కడ చెబుతున్నాం.

కొన్నేళ్ళ కిందట అంబేద్కర్ జయంతినాడు ఒక కళాశాల బాలికల హాస్టల్లో రక్తదాన శిబిరం జరిగింది. మాలో ఇద్దరం అక్కడ పనిచేశాం. పిల్లలు ఉత్సాహంగా వరుసకట్టారు. వేలికొనన గుచ్చి, ఒక్క చుక్క రక్తాన్ని మైలుతుత్తం కలిపిన నీలం నీళ్ళలో వదులుతాం. చుక్క వెంటనే మునిగితే హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు ఉన్నట్టు. తేలితే లేనట్టు. ఆరోజు చాలా చుక్కలు తేలాయి. "హెచ్‌బి తక్కువమ్మా, పక్కకు జరుగు, నెక్స్ట్" అంటూ పంపించేశాం. ఒక అమ్మాయి మాత్రం కదల్లేదు. "ఏం సార్, మా రక్తం పనికిరాదా?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఎక్కణ్ణించి వచ్చిందో ఈ హాస్టల్లో చదివినవాళ్ళకు వివరించనక్కర్లేదు. హోటల్లో విడిగా పెట్టిన గ్లాసు, ఎత్తు నుంచి దోసిట్లో పోసిన నీళ్ళు మన అమ్మానాన్నలకు తెలుసు. మనలో కొందరికీ తెలుసు. పనికిరారు అనే మాట ఆ అమ్మాయి మొదటిసారి విన్నది మా బల్ల దగ్గర కాదు. వెనక ఇంకా నలభై మంది నిలబడి ఉన్నారని మేము జవాబు చెప్పకుండా ఊరుకున్నాం. అది మా తప్పే. ఆ జవాబు ఈరోజు చెబుతున్నాం.

మొదటి సంగతి, రక్తానికి కులం లేదు. ఇది ఉపన్యాసం కోసం అనే మాట కాదు. మా ఫ్రిజ్ తెరిస్తే కనబడుతుంది. సంచి మీద ఒక నంబరు, గ్రూపు, సేకరించిన తేదీ, గడువు తేదీ ఉంటాయి. దాత పేరు కూడా ఉండదు. అయినా మనుషులు ఇక్కడ కూడా గీత గీయాలని చూశారు. 1940లో బ్రిటన్‌కు ప్లాస్మా పంపే పథకాన్ని నడిపి, 1941లో అమెరికన్ రెడ్‌క్రాస్ రక్తనిధికి డైరెక్టరైనవాడు చార్లెస్ డ్రూ అనే నల్లజాతి వైద్యుడు. అదే రెడ్‌క్రాస్ మొదట నల్లవారి రక్తం వద్దంది. 1942లో తీసుకోవడం మొదలుపెట్టినా విడిగా నిల్వచేసింది. ఈ వేర్పాటుకు శాస్త్రంలో ఆధారం లేదని డ్రూ చెప్పాడు. 1950లో గాని ఆ పద్ధతి పోలేదు.

రెండో సంగతి, 12.5 అనే నిబంధన ముఖ్యంగా ఇచ్చేవారి కోసం. 350 మిల్లీలీటర్ల రక్తంతోపాటు ఒంట్లోంచి 150 మిల్లీగ్రాములకు పైగా ఇనుము పోతుంది. పోయిన నీరు ఒకటి రెండు రోజుల్లో భర్తీ అవుతుంది. ఎర్రకణాలకు వారాలు, ఇనుముకు నెలలు పడతాయి. అందుకే మగవారికి 90 రోజులు, ఆడవారికి 120 రోజులు విరామం పెట్టారు. అసలే తక్కువ ఉన్న పిల్ల దగ్గర తీసుకుంటే, మెట్లెక్కినా ఆయాసపడుతుంది, పరీక్షల ముందు పుస్తకం పట్టుకుంటే నిద్ర ముంచుకొస్తుంది.

చుక్క తేలడం ఆ పిల్ల తప్పు కూడా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. మన మెస్సులో చారు ఎంత పలుచనో మనకు తెలుసు. తేలిన ఆ చుక్కలు మన తిండి గురించే చెబుతున్నాయి.

సూది గుచ్చడం రెండు నిమిషాల పని. మిగతాదంతా మనిషిని కనిపెట్టి చూసుకోవడమే. డెంగీ కాలంలో ప్లేట్‌లెట్ల కోసం దాతను యంత్రం పక్కన గంటా, గంటన్నర కూర్చోబెడతాం. ప్లేట్‌లెట్లు తీసుకుని మిగతా రక్తాన్ని తిరిగి ఒంట్లోకి పంపుతుంది ఆ యంత్రం. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్ల కాల్షియం తగ్గి పెదవులు తిమ్మిరెక్కుతాయి. కొందరు మొహమాటానికి చెప్పరు. మేమే ముఖం చూసి, అడిగి, యంత్రం వేగం తగ్గించి కాల్షియం ఇవ్వాలి. సంచి నిండిందా అని మాత్రమే చూసేవాడు ఈ పనికి తగడు.

అందుకే శిబిరాల విషయంలో మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. "ఈసారి వంద బ్యాగులు" అనే లెక్క మానాలి. ఆ లెక్క సంఘాల నాయకులకూ ఉంది, వార్డెన్లకూ ఉంది, మా కేంద్రాలకూ ఉంది. 18 ఏళ్ళు నిండనివారిని, 45 కిలోలు లేనివారిని వరుసలో నిలబెట్టనేకూడదు. ఇష్టం లేదన్నవారిని కారణం అడగకూడదు. వార్డెన్ పిలిచాడని వచ్చేది దానం కాదు. డబ్బు ఇస్తామని ఎవరైనా అంటే అసలే వెళ్ళవద్దు. రక్తం అమ్మకం 1998 జనవరి 1 నుంచి మన దేశంలో నిషిద్ధం.

శిబిరానికి మూడు నెలల ముందే హాస్టల్లో అందరికీ హిమోగ్లోబిన్ పరీక్ష జరగాలి. ఎవరి అంకె వారి చేతికివ్వాలి. తక్కువ ఉన్నవారిని డాక్టరుకు చూపించాలి. వారానికొకసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రను కిటికీలోంచి పారేయకండి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. మేమూ పారేశాం, అందుకే చెబుతున్నాం. అన్నం తిన్న వెంటనే టీ తాగవద్దు, ఇనుము ఒంటబట్టదు. మెనూలో గుడ్డు, ఆకుకూర ఉంటే అవి కంచంలోకి వచ్చేదాకా అడగండి. ఇంతా చేశాక వచ్చే శిబిరంలో ఇరవై సంచులే నిండినా మాకు సంతోషమే.

ఇప్పుడు మేము వెనక్కి పంపే ప్రతి ఒక్కరినీ ముందు కూర్చోమంటాం. అంకె చెబుతాం, ఎందుకు తీసుకోవడం లేదో చెబుతాం. వెనక వరుస ఆగితే ఆగనిస్తాం.

ఆరోజు అడిగిన అమ్మాయి ఇప్పుడెక్కడుందో మాకు తెలియదు. ఈ సంచిక ఆమె చేతికి చేరితే ఒక్క మాట. అమ్మా, నీ రక్తం పనికిరాక కాదు. నీకే చాలని దాన్ని తీసుకునే హక్కు మాకు లేక నిన్ను పంపించాం. ఆ మాట ఆరోజే చెప్పనందుకు క్షమించు.