వంగిన నడుముకు ఎవరు బాకీ?

నిజామాబాద్, బోధన్ ప్రాంతంలో బీడీలు చేసే ఏ ఆడమనిషినైనా ఒంట్లో ఎలా ఉందని అడగండి. నడుం నొప్పి ప్రస్తావన రాకుండా జవాబు పూర్తి కాదు. తునికాకు, తంబాకు ఉన్న చాటను ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగి గంటల తరబడి కూర్చునే పని అది. కూలి వెయ్యి బీడీల లెక్కన. లేచి నడుము సాచిన ప్రతిసారీ లెక్క తగ్గుతుంది, అందుకని ఆమె లేవదు. చాట దించాక వంట, నీళ్లు, బట్టలు. చెరుకు చేలో కూలి దొరికితే కలుపుకు మళ్లీ వంగడమే. ఇంతా చేసి ఆ నొప్పికి మనం పెట్టే పేరు "కాన్పుల బలహీనత", లేదా "వయసు మీద పడింది". పని వల్ల వచ్చిన నొప్పిని ఆడ శరీరపు లోపంగా చూపించడం యజమానికీ, ఇంటికీ, సర్కారుకూ సౌకర్యంగా ఉంది.

మరి ఆమెకు అందుబాటులో ఉన్న వైద్యం ఏమిటి? ఆర్‌ఎంపీ డాక్టరు వేసే నొప్పుల సూది, మందుల షాపు గోలీలు, ఒక నడుం బెల్టు, రాత్రిపూట పిల్లవాడితో నడుం తొక్కించుకోవడం. దేనికీ తగ్గకపోతే చివరకు "గర్భసంచి తీయించుకో, పోతుంది" అనే సలహా. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. తెలంగాణలో 7.7 మంది. ఈ ఆపరేషన్లన్నీ నడుం నొప్పికే జరిగాయని నేను అనడం లేదు. కానీ చాట మీదికి వంగి వంగి పట్టేసిన నడుము గర్భసంచి తీస్తే బాగుపడదు. అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ఎముకలు బలహీనపడతాయి.

ఆపరేషనుకు అప్పు చేయవచ్చు గాని, నడుముకు మర్దన చేయించుకుంటానంటే అది షోకు! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పిపై ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామం, అవగాహనతో పాటు మర్దన కూడా ఉంది. నడుం బెల్టులను, బరువులు కట్టి లాగే ట్రాక్షన్‌ను మామూలుగా వాడవద్దని అదే పత్రం చెప్పింది. మన ఆడవాళ్లు డబ్బు పోసి కొంటున్నది ఆ బెల్టునే. మర్దన ఒక్కటే జబ్బు కుదురుస్తుందని ఎవరూ అనరు. అది ఇచ్చేది ఉపశమనం. వ్యాయామం, పని మధ్య విరామం కూడా ఉంటేనే ఆ ఉపశమనం నిలుస్తుంది.

మన సమాజానికి మర్దన తెలియనిది కాదు. బాలింతకు ఒళ్లంతా నూనె రుద్ది వేడినీళ్లు పోస్తారు. అప్పుడామె బిడ్డతల్లి. ఆ రోజులు గడిచాక అదే నడుము మీద చెయ్యి వేసేవాళ్లు ఉండరు. వంశాన్ని నిలిపినందుకు దక్కిన సేవ, వెయ్యి బీడీలు చుట్టి ఇల్లు నిలిపినందుకు ఎందుకు దక్కదు?

ఇక్కడ కొందరు మిత్రులు పాత పద్ధతిని తిరిగి తెద్దాం, మంత్రసానులు ఉన్నారు, చవకగా అయిపోతుంది అంటారు. చవక ఎవరి చేతుల మీద? ఊళ్లో బాలింతలకు నూనె రుద్దిన చేతులు ఎక్కువగా దళిత, చాకలి, మంగలి కులాల స్త్రీలవి. వాళ్లకు ముట్టింది ఇన్ని గింజలు, ఒక పాత చీర. ఒక ఆడదాని నొప్పిని మరో ఆడదాని వెట్టిచాకిరీతో తగ్గిస్తే నొప్పి చేతులు మారుతుంది, అంతే. ఆ చేతులకు శిక్షణా, జీతమూ ఇవ్వకుండా చవక వైద్యం గురించి మాట్లాడే హక్కు మనకు లేదు.

డబ్బు ఎక్కడిదని అడుగుతారు. 1976లో పార్లమెంటు చట్టం చేసి బీడీల మీద సెస్సు విధించింది. ఆ నిధితోనే బీడీ కార్మికులకు డిస్పెన్సరీలు, పిల్లలకు స్కాలర్‌షిప్పులు వచ్చాయి. 2017లో జీఎస్టీతో ఆ సెస్సు రద్దయింది. పన్ను ఆగలేదు, 28 శాతం పడింది. దాన్ని 18కి దించాలని 2025 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయించింది. ఈ హెచ్చుతగ్గుల మధ్య మాయమైంది కార్మికురాలి పేరున విడిగా ఉన్న వాటా. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక కార్మికుల బకాయిల కోసం ఆందోళనలు జరిగాయి. జరగవలసినవే. బీడీ చుట్టిన నడుముల బకాయి మన డిమాండు పత్రాల్లో ఎక్కడుంది?

కాబట్టి మన సంఘాలు ఈ విషయాలు గట్టిగా అడగాలి. బీడీ పని జరిగే ప్రతి మండలంలో సర్కారు దవాఖానాకు వారానికి రెండు రోజులైనా ఫిజియోథెరపిస్టు, వీలైతే స్త్రీ, రావాలి. జిల్లా కేంద్రానికి రమ్మంటే కుదరదు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు సరే, పోయిన పూట కూలి ఎవరిస్తారు? స్థానిక స్త్రీలకు మర్దనలో, వ్యాయామాలలో శిక్షణ ఇచ్చి జీతంతో నియమించాలి. కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా, నొప్పితో పాటు జ్వరం వచ్చినా మర్దన చేయకుండా వెంటనే ఆసుపత్రికి పంపడం ఆ శిక్షణలో మొదటి పాఠం కావాలి. నడుం నొప్పిని బీడీ పనివల్ల వచ్చే జబ్బుగా గుర్తించి, ఖర్చు పరిశ్రమ మీద వేయాలి. లేచి నడుము సాచుకున్నందుకు కూలి తగ్గని రేటు నిర్ణయించాలి.

ఇవేవీ దయాధర్మాలు కావు. వంగిన నడుముల మీద లాభం తీసినవాళ్లు బాకీ ఉన్నారు. వసూలు చేయవలసింది మనం.