తెర వెనుక గుమాస్తా

పోయిన వైశాఖంలో మా దగ్గరి బంధువుల అమ్మాయి పెళ్ళికి కల్యాణ మంటపం కావలసి వచ్చింది. ఒక మంటపంవారి వెబ్ పుటలో ముహూర్తం తేదీకి ఎదురుగా 'ఖాళీ' అని ఉన్నది. మావాళ్ళు తొందరపడి శుభలేఖలు అచ్చు వేయించారు. తీరా అడ్వాన్సు కట్టబోతే, ఆ తేదీ పది రోజుల క్రితమే వేరొకరికి ఇచ్చివేశామన్నారు. పుట దిద్దే మనిషి ఊళ్ళో లేడట! ఆడపిల్ల తండ్రి పడిన అవస్థ చెప్పనలవి కాదు.

ఇందులో మోసమేమీ లేదు. ఆ పుట గోడకు అంటించిన నోటీసు వంటిది. ఎవరో వచ్చి దిద్దేవరకు పాత మాటే చెబుతుంది. 1991లో టిమ్ బెర్నర్స్-లీ మొదటి వెబ్ సైటు పెట్టిననాటి పుటలు ఇట్టివే.

దీనికి మందు సర్వరు వైపు నడిచే స్క్రిప్టు. పేరు విని బెదరనక్కరలేదు. ఆఫీసు కిటికీ దగ్గర మనం చీటీ ఇస్తాము. లోపలి గుమాస్తా రిజిస్టరు తీసి చూచి, అప్పటి లెక్క ప్రకారం జవాబు వ్రాసి ఇస్తాడు. రిజిస్టరు బయటికి రాదు. ఆ గుమాస్తాయే స్క్రిప్టు, ఆ గది సర్వరు, ఆ రిజిస్టరు డేటాబేసు. మన ఫోనులోని బ్రౌజరు కిటికీ. మనం అడిగినప్పుడే పుట తయారవుతుంది.

1993లో అమెరికాలో సి.జి.ఐ. అనే ఏర్పాటు ఈ పద్ధతికి దారి తీసింది. 1994లో రాస్మస్ లెర్డార్ఫ్ అనే ఆయన, వెబ్‌లో పెట్టిన తన ఉద్యోగ వివరాల పుటను ఎందరు చూస్తున్నారో తెలుసుకోవడానికి చిన్న ప్రోగ్రాములు వ్రాసుకున్నాడు. 1995లో వాటిని అందరికీ ఇచ్చాడు. అదే నేటి పి.హెచ్.పి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా నడిచేది కూడా ఈ భాషలో వ్రాసిన సాఫ్టువేరు మీదనే. ప్రోగ్రాము ముక్క రాకపోయినా మనలో ఎవరైనా అక్కడ వ్యాసం దిద్దగలగడం ఈ గుమాస్తా చలవే.

లాభాలు మూడు చెబుతాను. మొదటిది, అడ్వాన్సు ముట్టిన క్షణాననే స్క్రిప్టు తానే రిజిస్టరులో వ్రాసుకుంటుంది. సరిగా వ్రాసిన స్క్రిప్టయితే, ఇద్దరు ఒకేసారి అడిగినా ఆ తేదీ ఒకరికే దక్కుతుంది. రెండవది, ఎవరి సంగతి వారికే చూపుతుంది. రైలు టికెట్ల సైటులో నా టికెట్టు నాకు, మీది మీకు కనబడుతున్నది గదా! మూడవది భద్రత. బ్రౌజరుకు వచ్చిన పుటలోని అంకెను తెలిసినవాడు తన దగ్గర మార్చగలడు. అద్దె ఎంత, కట్టినది ఎంత అనే తనిఖీ సర్వరులోనే జరగాలి.

అయితే గుమాస్తా ఏమరుపాటున ఉంటే ముప్పే. బయటివారు వ్రాసిన చీటీని పరీక్షించక, దానినే ఆజ్ఞగా తీసుకున్నాడా, రిజిస్టరంతా పరుల పాలవుతుంది. పైగా ఆ గదికి నెలనెలా అద్దె ఉన్నది, మరమ్మతులూ ఉన్నవి. కనుక సంఘ చరిత్రకూ, ఉత్సవాల ఫోటోలకూ గోడ నోటీసు వంటి పుటే చాలు. చందాలకూ, మంటపం తేదీలకూ మాత్రం గుమాస్తా కావాలి.

ఏ సంఘంవారైనా సైటు చేయించేటప్పుడు పనివాడిని రెండు ప్రశ్నలు అడగండి: "తేదీ నిండిన సంగతి పుటకు ఎవరు చెబుతారు? మా సభ్యుల ఫోను నంబర్లు ఎవరికి కనబడతాయి?" రంగులూ బొమ్మలూ తరువాత చూచుకోవచ్చు. 'ఖాళీ' అన్న ఒక్క మాటను నమ్మి శుభలేఖలు వేయించే తండ్రులు మనలో ఇంకా ఉన్నారు.