ఎనిమిదో తూటా మీద ఆశ (1911 పిస్టల్ మేగజీన్ల గురించి నా గోల)

ముందే చెప్పేస్తున్నా, మేగజీన్ అంటే స్వాతి, ఆంధ్రభూమి లాంటివి కాదండోయ్. పిస్టల్ పిడిలోకి కింద నుంచి దూర్చే తూటాల పెట్టె. మన సినిమాల్లో హీరోగారు ఒకే పిస్టల్‌తో నలభై మందిని కాల్చి పారేస్తాడు గానీ, ఆ పెట్టె మార్చడం మనం చూసింది తక్కువే :). అందుకేనేమో, అమెరికాలో మనవాళ్లు పిస్టల్ కొనాలంటే నెల రోజులు చదువుతారు, నాలుగు షాపులు తిరుగుతారు. తీరా మేగజీన్ల దగ్గరికొచ్చేసరికి "చవగ్గా ఉన్నవేవో నాలుగు పడేయండి" అంటారు. నా మటుకు నాకు ఇది పూర్తిగా తలకిందుల వ్యవహారం అనిపిస్తుంది. ముఖ్యంగా 1911 లాంటి పాతకాలపు పిస్టల్ విషయంలో.

1911 అన్నది మోడల్ పేరు, సంవత్సరం కూడా. జాన్ మోజెస్ బ్రౌనింగ్ డిజైన్ చేశాడు, కోల్ట్ కంపెనీ తయారు చేసింది, 1911 మార్చి 29న అమెరికా సైన్యం తీసుకుంది. 1985లో బెరెట్టా వచ్చేదాకా సైన్యంలో అదే ప్రధాన పిస్టల్. .45 ఏసీపీ తూటా, మేగజీన్‌లో ఏడు. సైన్యం తీసుకునే ముందు పెట్టిన పరీక్షలో ఒకే పిస్టల్‌తో 6,000 రౌండ్లు కాల్చారు. మరీ వేడెక్కితే నీళ్లలో ముంచి మళ్లీ మొదలెట్టారు. ఒక్కసారి కూడా మొరాయించలేదని రికార్డు.

మరి ఇంత ఘనచరిత్ర ఉన్న పిస్టల్‌కి ఇవాళ "అబ్బే, అది జామ్ అవుతుంది" అనే చెడ్డపేరు ఎందుకొచ్చింది? ఒక కారణం మన ఫీల్డ్ వాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది. పేటెంట్లు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు పదుల కంపెనీలు 1911 చేస్తున్నాయి, ఎవరి కొలతలు వాళ్లవి. ఒకే కోడ్‌కి యాభై ఫోర్కులున్నట్టు. తూటాలు చేసేవాళ్లు వేరు, మేగజీన్లు చేసేవాళ్లు వేరు. ఈ మూడింటినీ కలిపి పరీక్షించే నాథుడు ఎవరూ లేడు, ఆఖరికి కొనుక్కున్న మీరు తప్ప. ఈ మూడూ కలిసే చోటు మేగజీన్. కాబట్టి గొడవ ఎక్కువగా బయటపడేది కూడా అక్కడే.

అసలు లోపల జరిగేదేమిటో చూద్దాం. పేల్చగానే స్లైడ్ వెనక్కి వెళ్తుంది, ఖాళీ తొడుగు బయటికి ఎగిరిపోతుంది. ఈలోపు మేగజీన్ అడుగున ఉన్న స్ప్రింగ్ మిగతా తూటాల వరసనంతా ఒక మెట్టు పైకి తొయ్యాలి. స్లైడ్ ముందుకొస్తూ పై తూటాని నెడుతుంది. తూటా మూతి ఏటవాలుగా ఉన్న ర్యాంప్ ఎక్కి ఛాంబర్‌లోకి దూరుతుంది. అదే సమయంలో తూటా వెనక అంచు పైకి జారి ఎక్స్‌ట్రాక్టర్ అనే కొక్కెం కిందకి చేరాలి. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపు. స్ప్రింగ్ నెమ్మదిస్తే తూటా పైకి రాదు, మేగజీన్ తూటాని తొందరగా వదిలేస్తే అది దారి తప్పుతుంది, ఆలస్యంగా వదిలితే ఇరుక్కుంటుంది. అంటే ఇది రేస్ కండిషనే, కాకపోతే ఇనుముతో చేసింది.

తూటాని ఎప్పుడు వదలాలో నిర్ణయించేవి మేగజీన్ పైన లోపలికి వంగి ఉండే రెండు రేకులు. వీటిని ఫీడ్ లిప్స్ అంటారు, పెదాలన్నమాట. ముఖ్యంగా మూడు రకాలు. సైన్యం వాడిన పాత జీఐ రకంలో పెదాలు ముందుకి పోయేకొద్దీ విచ్చుకుంటాయి. తూటా వెనక భాగం మెల్లగా పైకి లేస్తూ, ఆలస్యంగా బయటపడుతుంది. ఇది 230 గ్రెయిన్ల (సుమారు 15 గ్రాములు) గుండ్రటి మూతి గుండు కోసం లెక్కవేసిన పద్ధతి. తర్వాత గురి పోటీల వాళ్లు మూతి తెగ్గోసినట్టుండే పొట్టి గుండ్లు వాడటం మొదలెట్టారు. వాటి కోసం పెదాలు సమాంతరంగా ఉండి తూటాని ముందే ఒక్కసారిగా వదిలేసే వాడ్‌కటర్ రకం వచ్చింది. మూడోది ఈ రెండిటికీ మధ్యస్తం, హైబ్రిడ్. విచ్చుకుంటుంది, కానీ జీఐ కంటే ముందు వదులుతుంది. ఇవాళ ఇళ్లల్లో ఎక్కువమంది పెట్టుకునే హాలో పాయింట్ తూటాలు (మూతి దగ్గర గుంట ఉండేవి) గుండ్రటివాటికంటే కాస్త పొట్టిగా ఉంటాయి. వాటికి నా ఓటు హైబ్రిడ్‌కే.

ఇంకో చిన్న భాగం ఉంది, ఫాలోయర్. స్ప్రింగ్ మీద కూర్చుని తూటాలని మోసే పళ్లెం. బ్రౌనింగ్ కాలపు ఫాలోయర్ మీద ఒక చిన్న బొడిపె ఉంటుంది. పనికిమాలినదేమో అనిపిస్తుంది గానీ అక్కడే ఉంది తెలివంతా. పిస్టల్ వెనక్కి తన్నినప్పుడు లోపలి తూటాలు ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తాయి, బస్సు కదలగానే మనం వెనక్కి తూలినట్టు. వరస నిండుగా ఉంటే స్ప్రింగ్ గట్టిగా అదిమి పట్టుకుంటుంది. ఒక్క తూటానే మిగిలినప్పుడు స్ప్రింగ్ బలం అన్నిటికంటే తక్కువ. అప్పుడు ఆ ఆఖరి తూటా ముందుకి జారిపోకుండా ఆపేది ఆ బొడిపె. జారిపోయిందనుకోండి, తూటా కొక్కెం ముందుకి పడుతుంది. కొక్కెం దాని అంచు మీదుగా బలవంతంగా ఎక్కాల్సొస్తుంది. 1911లో ఆ కొక్కెం ఒకే ముక్క స్ప్రింగ్ స్టీలు, ఈ పని కోసం చేసింది కాదు. పదే పదే ఇలా జరిగితే దాని బిగువు పోతుంది, అంచు విరిగినా విరుగుతుంది. చూశారా, ఇరవై డాలర్ల మేగజీన్ వెయ్యి డాలర్ల పిస్టల్‌ని ఎలా పాడు చెయ్యగలదో!

ఇక ఎనిమిదో తూటా సంగతి. ఏడు పట్టే గొట్టంలోనే ఎనిమిది పట్టించాలంటే ఎక్కడో అక్కడ చోటు మిగల్చాలి. స్ప్రింగ్ చుట్లు తగ్గించాలి, లేదా ఫాలోయర్‌ని కుదించాలి. చాలా డిజైన్లలో బొడిపె ఎగిరిపోయింది. నిండా నింపితే స్ప్రింగ్ దాదాపు ముద్దగా అణిగిపోతుంది. స్లైడ్ మూసి ఉండగా మేగజీన్ ఎక్కించాలంటే అరచేత్తో గట్టిగా చరచాలి. లేకపోతే సగంలో ఆగుతుంది, మనం ఎక్కిందనుకుంటాం. ఈ ఎనిమిది మోజు పోటీల నుంచి వచ్చింది. 1976లో ఐపీఎస్‌సీ ఏర్పడి ప్రాక్టికల్ షూటింగ్ పోటీలు ఊపందుకున్నాక, ఒక తూటా ఎక్కువంటే కొన్ని చోట్ల ఒకసారి మేగజీన్ మార్చే పని తగ్గినట్టే. వాళ్లకది నిజమైన లాభం. అక్కడ జామ్ అయితే పోయేది కొన్ని సెకన్లు, మహా అయితే ఒక కప్పు. ఇంట్లో రాత్రి రెండు గంటలకి తలుపు పగిలినప్పుడు పోయేది అది కాదు కదా. రిక్వైర్‌మెంటే వేరైనప్పుడు అదే డిజైన్ ఎందుకు కాపీ కొట్టాలి? ఏడుకి ఒకటి కలిపితే దొరికేది 14 శాతం. దానికోసం ఆఖరి తూటా పట్టునీ, స్ప్రింగ్ బలాన్నీ తాకట్టు పెట్టడం నాకు నచ్చదు.

ఎదుటి వాదన కూడా చెప్పాలి. విల్సన్ కాంబాట్ వాళ్ల 47డీ ఎనిమిది తూటాలదే, ఏళ్ల తరబడి నిక్షేపంగా వాడుతున్నవాళ్లు బోలెడుమంది. ట్రిప్ రీసెర్చ్ కోబ్రా మేగ్ కూడా అంతే. నేను కాదనను. మంచి స్ప్రింగు, మంచి ఫాలోయర్ వేసి ఆ చోటు సమస్యని చాలావరకు అధిగమించారు. విల్సన్‌లోనే ఈటీఎం రకం గొట్టాన్ని కాస్త పొడవు చేసి స్ప్రింగ్‌కి చోటిచ్చింది, అది నిజాయితీ గల పరిష్కారం. ఎనిమిది కావాల్సిందే అంటే ఇలాంటివి తీసుకోండి. పేరూ ఊరూ లేని ఎనిమిది తూటాల పెట్టె మాత్రం వద్దు. ఏడు చాలనుకుంటే చెక్-మేట్ వాళ్లు పెదాల రకం ఎంచుకోనిస్తారు, బొడిపె ఉన్న ఫాలోయర్ కూడా దొరుకుతుంది. ఇటలీ మెక్-గార్ చాలా పిస్టల్ కంపెనీలకే మేగజీన్లు చేసిపెడుతుంది, ధరా అందుబాటులో ఉంటుంది. ఒక చిన్న జాగ్రత్త: మీ పిస్టల్ ఫ్రేమ్ అల్యూమినియందైతే ఉక్కు ఫాలోయర్ అంచు ర్యాంప్‌ని గీకేసే ప్రమాదముంది. ప్లాస్టిక్ ఫాలోయర్ మేలు.

ఏ బ్రాండు కొన్నా పరీక్షించకుండా నమ్మొద్దు. ఇక్కడ మనం చదువుకున్న లెక్కలు పనికొస్తాయి. గణాంకాల్లో రూల్ ఆఫ్ త్రీ అని ఒకటుంది. ఎన్ సార్లు ప్రయత్నించి ఒక్కసారి కూడా ఫెయిల్ కాకపోతే, అసలు ఫెయిల్యూర్ రేటు 3/ఎన్ కంటే తక్కువని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. అంటే ఒక పెట్టె తూటాలు, యాభై, కాల్చి "సూపర్‌గా పనిచేస్తోంది బాసూ" అంటే మీకు తెలిసింది రేటు 6 శాతం లోపు అని మాత్రమే. 300 కాలిస్తే 1 శాతం లోపు. బ్రౌనింగ్ గారి 6,000 లెక్కన రెండువేలకి ఒకటి లోపు. అసలు మెలిక ఇంకోటి ఉంది. ఆఖరి తూటా జారిపోవడం అనే రోగం మేగజీన్‌కి ఒక్కసారే పరీక్షకొస్తుంది. 300 తూటాలంటే ఏడేసి చొప్పున ఆఖరి తూటాలు 43 కూడా లేవు. కాబట్టి ఆ ఒక్క రోగం గురించి మీకున్న భరోసా 7 శాతం దగ్గరే. అందుకే నాలుగు మేగజీన్లకి తలా యాభై పంచే బదులు, రెండే కొని వాటిమీదే ఎక్కువ కాల్చండి. అదీ ఇంట్లో పెట్టుకోబోయే తూటాలతోనే, కనీసం కొంతైనా.

ప్రతి మేగజీన్ అడుగున నంబరు వెయ్యండి. ఇది పైసా ఖర్చులేని పని, పదిమందిలో ఇద్దరు కూడా చెయ్యరు. జామ్ అయినప్పుడు ఏ నంబరు, ఎన్నో తూటా, ఏ రకం తూటా అని రాసుకోండి. లాగ్ లేకుండా డీబగ్ చెయ్యలేమని ఆఫీసులో అందరికీ చెప్తాం కదా! తప్పు మూడో నంబరుతోనే వస్తుంటే దోషం మేగజీన్‌ది. అన్నిటితో వస్తుంటే పిస్టల్‌దో తూటాదో. ఇది తేలకముందే గన్‌స్మిత్ దగ్గరికెళ్లి ర్యాంప్ అరగదీయించకండి. మేగజీన్ మార్చొచ్చు, అరిగిన ఇనుము తిరిగి రాదు. తప్పు చేసిన మేగజీన్‌ని "రేంజ్‌లో వాడదాంలే" అని దాచకండి, అది ఎప్పుడో ఒకరోజు మంచివాటిలో కలిసిపోతుంది. స్ప్రింగ్ కొత్తది వేసి మళ్లీ పరీక్షించండి. అప్పటికీ మారకపోతే నలగ్గొట్టి చెత్తబుట్టలో వెయ్యండి.

చివరగా రెండు మాటలు, ఇవి బేరాల్లేనివి. ఒకటి, మేగజీన్ తీసేస్తే పిస్టల్ ఖాళీ అయినట్టు కాదు. ఛాంబర్‌లో ఒక తూటా ఉండొచ్చు, 1911 మామూలు డిజైన్ మేగజీన్ లేకపోయినా పేలుతుంది. ముందు మేగజీన్ తీసి, తర్వాత స్లైడ్ లాగి, కంటితో చూసి, వేలితో తడిమి చూడండి. పిల్లలున్న ఇంట్లో తాళం వేసిన పెట్టెలోనే ఉండాలి. రెండు, చట్టం. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీదున్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. రేంజ్‌లో అద్దెకి తీసుకున్నా చేతిలో ఉన్నట్టే లెక్క. గ్రీన్ కార్డు వచ్చాక ఆ అడ్డు ఉండదు గానీ రాష్ట్రాల చట్టాలు వేరేగా ఉంటాయి, చూసుకోండి. రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగుతో ఇండియా విమానం అస్సలు ఎక్కకండి. అడుగున మర్చిపోయిన ఒక్క తూటా చాలు, శంషాబాద్‌లో 1959 ఆయుధాల చట్టం కింద కేసు నెత్తిమీద పడటానికి.

మొత్తం మీద నేననేది ఇంతే. రెండువేల డాలర్ల పిస్టలూ, ఊరూపేరూ లేని మేగజీనూ కొనేకంటే, ఎనిమిదివందల పిస్టలూ, రెండు మంచి మేగజీన్లూ, మిగిలిన డబ్బుకి తూటాలూ కొనండి. ఎనిమిదో తూటా ఉందా అన్నది తర్వాతి ప్రశ్న. మొదటి ఏడూ ప్రతిసారీ వస్తాయా అన్నది ముందు తేల్చుకోండి. ఏమంటారు?