పొగ మానిన ఏడాది

మొన్న ఆదివారం నాటికి మేము బీడీ, సిగరెట్టు ముట్టక 365 రోజులు పూర్తయ్యాయి. అల్‌హందులిల్లాహ్‌. ఇది సంపాదకీయంలో రాయదగిన సంగతేనా అని పాఠకులు అనుకోవచ్చు. మేమూ రెండు రోజులు అదే అనుకున్నాం. పెరిగే ధరలు, పిల్లల చదువులు, ఆడపిల్లల పెళ్లిళ్లు... రాయవలసినవి ఇన్ని ఉండగా ఒక ఉపాధ్యాయుడి జేబులో బీడీకట్ట లేకపోవడం ఏపాటి వార్త? అయితే మా ఇంట్లో అది వార్తే అయింది. ఆ సాయంత్రం మా ఇంటావిడ సేమ్యా ఖీరు చేసి, గిన్నె ముందు పెట్టి, "ఇవాళ మీ పండుగ" అంది. అయిదేళ్ల మనవరాలు అది విని, "నానా, ఇవాళ ఏ ఈద్‌?" అని అడిగింది. దానికేం చెప్పాలో మాకు వెంటనే తోచలేదు.

ఖీరు సంగతి తెలిసి మా మిత్రులొకరు నొచ్చుకున్నారు. వారు పక్క మహల్లా మస్జిద్‌లో ఇమామ్‌. "చెడు అలవాటు మానితే తౌబా చేసుకుని ఊరుకోవాలి గాని, దావతు చేసుకుంటారా మౌల్వీ సాబ్‌? చేసిన తప్పు చాటుకున్నట్టు కాదూ?" అన్నారు. వారి మాటలో నిజం లేకపోలేదు. అల్లాహ్‌ కప్పిన తప్పును మనిషి బయటపెట్టుకోవడం మన దీన్‌ మెచ్చే పని కాదు. కాని మేము కప్పుకుని తాగింది ఎన్నడు? 23వ ఏట మొదలుపెట్టి 31 ఏళ్లు తాగాం. మదరసా వెనుక వేపచెట్టు కింద తాగాం, బస్టాండులో తాగాం, వలీమా పందిళ్లలో తాగాం. మా శిష్యులు చూశారు, వాళ్ల తండ్రులు చూశారు. తాగడం నలుగురూ చూశాక, మానడం మాత్రం ఎవరికీ తెలియకుండా జరగాలా?

పొగాకు విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయం పాతదే. మహాప్రవక్త (స) కాలంలో లేని ఈ ఆకు క్రీస్తుశకం 1600 ప్రాంతంలో ముస్లిం దేశాలకు వచ్చింది. వచ్చిన కొద్ది ఏళ్లకే, 1617లో, జహంగీర్‌ పాదుషా దాన్ని నిషేధించాడు. 19వ శతాబ్దంలో లక్నో ఫిరంగీ మహల్‌కు చెందిన మౌలానా అబ్దుల్‌ హయ్‌ ఈ విషయం మీదే రిసాలా రాశారు. మక్రూహ్‌ అన్నవారున్నారు, ముబాహ్‌ అన్నవారున్నారు, హరామ్‌ అన్నవారున్నారు. దాని వల్ల కలిగే హాని రుజువయ్యాక హరామ్‌ అనేవారి సంఖ్య బాగా పెరిగింది. నిజం చెప్పాలంటే, మాకు ఈ వివాదం చాలా ఏళ్లు అక్కరకు వచ్చింది. ఎవరైనా అడిగితే "మక్రూహే కదా, హరామ్‌ అని అందరూ అనలేదు కదా" అని కితాబుల పేర్లు ఏకరువు పెట్టేవాళ్లం. చదువు మనిషికి దారి చూపుతుందంటారు. మాకు మాత్రం ఈ ఒక్క విషయంలో చదువు చాటుగా నిలబడటానికి గోడ అయింది.

ఇక రమజాన్‌ సంగతి. వేసవిలో వచ్చే రమజాన్‌లో సహరీ ముగిసింది మొదలు మగ్రిబ్‌ దాకా 14 గంటలకు పైగా మంచినీళ్లయినా ముట్టం. అన్ని గంటలూ బీడీ లేకుండా గడిచిపోయేవి. కాని ఇఫ్తార్‌లో ఖర్జూరం నోట పడీ పడగానే మా చెయ్యి జేబులోకి పోయేది. నమాజు కాగానే మస్జిద్‌ వెనుక సందులో నలుగురం చేరేవాళ్లం. పగలంతా మానగలిగినవాడు రాత్రి ఎందుకు మానలేడని మా ఇంటావిడ ఏటా అడిగేది. జవాబు మాకు ఆలస్యంగా తెలిసింది. నికోటిన్‌ మానినవాడికి చిరాకు, తహతహ మొదటి రెండు మూడు రోజుల్లో ఎక్కువగా ఉండి, తర్వాతి కొన్ని వారాల్లో క్రమంగా తగ్గుతాయి. పగలు ఆగి రాత్రి తాగేవాడు ఆ మూడు రోజుల గండాన్ని ఎన్నడూ దాటడు. ప్రతి సాయంత్రం మళ్లీ మొదటి మెట్టు మీదికే వస్తాడు. ముప్పై రోజులూ ఉపవాసం ఉన్నాం, కాని బీడీకి ఒక్క రోజు కూడా పూర్తిగా దూరం కాలేదు.

అందుకే మేము మానింది రమజాన్‌లో కాదు. ఏ ప్రత్యేకతా లేని ఒక మామూలు నెలలో. మా దగ్గర చదివే పన్నెండేళ్ల పిల్లవాడిని బీడీతో పట్టుకుని పెద్ద పిల్లలు మా ముందుకు తెచ్చారు. మందలించాలి. నోరు తెరిచాం. వాడికి ఎంత దగ్గరగా నిలబడ్డామంటే, మా నోటి వాసన వాడికి కొట్టే ఉంటుంది. వాడు తల వంచుకునే ఉన్నాడు, మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. "పో, వెళ్లి సబక్‌ చదువుకో" అని పంపేశాం. ఆ పూట నుంచే మొదటిసారి మానాం. 19వ రోజున బంధువుల పెళ్లిలో ఎవరో అందిస్తే ఒకటి తీసుకున్నాం. ఒకటి కాస్తా మర్నాటికి కట్ట అయింది. మళ్లీ మానడానికి రెండు వారాలు పట్టింది. ఇప్పుడు చెబుతున్న 365లో ఆ 19 రోజులు లేవు. కలుపుకుందామని మనసు లాగింది గాని, మా ఇంటావిడ లెక్కలో ఖచ్చితం మనిషి.

2018 నుంచి పొగాకు పెట్టెల మీద మానాలనుకునేవారి కోసం ఒక ఫోను నంబరు అచ్చు వేస్తున్నారు, 1800-11-2356. ఖర్చు లేని ఫోను. మేము సిగ్గుపడి చేయలేదు. చేసి ఉంటే ఆ పెళ్లి గండం గడిచేదేమో.

ఈ వయసులో మాని ఏం లాభం అనేవారికి ఒక్క విషయం మనవి చేయాలి. ఇంగ్లండులో రిచర్డ్‌ డాల్‌ అనే వైద్యుడు, సహచరులతో కలిసి, 1951 నుంచి 34,439 మంది మగ డాక్టర్ల పొగ అలవాట్లనూ మరణాలనూ 50 ఏళ్ల పాటు గమనించారు. 2004లో ఫలితాలు వెల్లడించారు. పొగ తాగుతూనే ఉండిపోయినవారు తాగనివారికన్నా సగటున సుమారు పదేళ్లు ముందు చనిపోయారు. 30వ ఏట మానినవారు ఆ పదేళ్లూ దాదాపు దక్కించుకున్నారు. 40వ ఏట మానినవారికి సుమారు తొమ్మిది, 50వ ఏట మానినవారికి ఆరు, 60వ ఏట మానినవారికి మూడేళ్లు దక్కాయి. ఆయుష్షు అల్లాహ్‌ చేతిలోది, సందేహం లేదు. అయినా ఒంటె తాడు కట్టడం మన పని. మానిన ఏడాదికి గుండెజబ్బు అదనపు ముప్పు తాగేవారితో పోలిస్తే సగానికి తగ్గుతుందని వైద్యులు చెబుతారు. బీడీ ఆకుతో చుట్టినది గనుక అంత చెడ్డది కాదని మన ఊళ్లలో ఒక నమ్మకం ఉంది. అది తప్పు. ఆరిపోకుండా ఉండాలని బీడీని గట్టిగా, మాటిమాటికీ పీలుస్తారు. అందువల్ల లోపలికి పోయే విషం తక్కువేమీ కాదు.

ఇంతవరకు మా గొప్ప. ఇప్పుడు అసలు సంగతి.

మాకు పొగ ఖర్చు రోజుకు 40 రూపాయలు. మానిన రోజు నుంచి మా ఇంటావిడ ఆ డబ్బు ఒక స్టీలు డబ్బాలో వేయించింది. ఏడాదికి 14,600. నెలాఖరులో డబ్బాలోంచి అప్పు తీసి తిరిగి వేసిన సందర్భాలూ ఉన్నాయి. ఆ డబ్బు ఏం చేయాలో నిర్ణయించింది కూడా ఆవిడే. మా ఆపా గత చలికాలం నుంచి దగ్గుతోంది. ఆమెకు పరీక్షలు చేయించుదామంది.

మాది నిజామాబాదు ప్రాంతం. ఇక్కడా, జగిత్యాల, సిరిసిల్ల వైపూ బీడీలు చుట్టే ఆడవాళ్లు లేని వాడ అరుదు. మా ఆపా పదకొండో ఏట చాట ఒళ్లో పెట్టుకుంది, ఇంకా దించలేదు. తునికాకు తడిపి, రేకు కొలతతో కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి ఒత్తాలి. వెయ్యికి ఇంత అని కూలి. మేము మదరసాలో చదువుకున్న రోజుల్లో మా బట్టలు, కితాబులు ఆ వెయ్యి లెక్కల్లోంచే వచ్చాయి. మేము తాగి పారేసిన బీడీల్లో ఆమె చుట్టినవి ఎన్నో.

డాక్టరు ఛాతీ ఫొటో తీయించారు. టీబీ లేదు, షుకుర్‌. పొగాకు ధూళికి దూరంగా ఉండమన్నారు. ఆపా నవ్వింది. బయటికి వచ్చాక, "నువ్వు మానేశావు, మంచిదే. నీ ఇల్లు నడుస్తుంది. నేను మానేస్తే నా పొయ్యి ఎవరు వెలిగిస్తారు?" అంది.

ఈ మాటకు మా దగ్గర సమాధానం లేదు. పొగాకు నియంత్రణ అంతర్జాతీయ ఒడంబడికను మన దేశం 2004లో ఆమోదించింది. పొగాకు మీద బతికే కార్మికులకు, రైతులకు గిట్టుబాటయ్యే వేరే జీవనోపాధి చూపడాన్ని ప్రోత్సహించాలని అందులోని 17వ అధికరణం చెబుతోంది. ఆ తర్వాత బహిరంగ ప్రదేశాల్లో పొగ నిషేధం 2008లో వచ్చింది, పెట్టెల మీద 85 శాతం మేర హెచ్చరిక 2016లో వచ్చింది. రెండూ మంచివే. ఆ 17వ అధికరణం మాత్రం మా ఆపా వాడకు ఇంకా చేరలేదు. కుట్టుమిషన్లు పంచి ఫొటోలు దిగితే చాలదు. కుట్టిన బట్ట కొనేవాడు కావాలి, వెయ్యి బీడీల కూలి కన్నా ఆ పని మీద నాలుగు రూపాయలు ఎక్కువ రావాలి. జమాఅత్‌ల పెద్దలు, జకాత్‌ లెక్క చూసేవారు ఈ రమజాన్‌కు ముందే దీని గురించి కూర్చుని మాట్లాడాలని మా విన్నపం. ఒక్కో మహల్లాలో పది ఇళ్లతో మొదలుపెట్టినా ఫరవాలేదు.

ఇమామ్‌ సాబ్‌ కూడా ఆదివారం వచ్చారు, ఖీరు తిన్నారు. ఆపా వచ్చింది. ఇషా కాకముందే లేచింది. మరో గిన్నె తినమని మా ఇంటావిడ బలవంతపెడితే, రేపటి ఆకు ఇంకా తడపలేదని చెప్పి వెళ్లిపోయింది.