పురిటింట విధికి పాలెంత?

కానుపు స్త్రీకి పునర్జన్మ యని తెలుగునాట పెద్దలు చెప్పుదురు. తల్లి పడు కష్టమునకు ఇంతకంటె గౌరవము లేదు. కాని పురిటిలో తల్లి కన్నుమూసినపుడు ఆ మాటయే "నుదుట అంతే వ్రాసియున్నది" అను తీర్పుగా మారుచున్నది. ఈ తీర్పును చదువుకొన్నవారు అంగీకరింపరాదు.

వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో జరిగిన సంగతి యొకటి చాలును. అచ్చట రెండు ప్రసూతి విభాగము లుండెడివి. మొదటిది వైద్యవిద్యార్థులది, రెండవది మంత్రసానులది. 1846లో మొదటి దానియందు నూటికి 11 మందికి మించి తల్లులు మరణింపగా, రెండవ దానియందు మరణించినవారు 3కు లోపే. హెచ్చుమందిని కబళించినది సూతికాజ్వరము. తమ్ము రెండవ విభాగమునకే పంపుడని గర్భిణులు వేడుకొనెడివారు. పండితులు మాత్రము చెడుగాలి యనిరి. ఒకే గాలి ఒక గదివారిని చంపి ప్రక్కగదివారిని విడుచునా యని సందేహించినవాడు సెమ్మెల్‌వైస్ అను యువవైద్యుడు.

1847లో ఆయన మిత్రుడొకడు శవపరీక్షాసమయమున కత్తిగాటు తగిలి మరణించెను. ఆతని దేహమున కనుపించిన వికారములు, సూతికాజ్వరమున పోయిన తల్లుల దేహములందలి వికారములే! గుట్టు బయటపడెను. వైద్యులు శవములను కోసిన చేతులతోనే పురిటిగదికి వచ్చుచుండిరి. క్లోరిన్ కలిసిన సున్నపునీటితో చేతులు కడుగుకొనవలెనని ఆయన కట్టడి చేసెను. 1848లో మరణములు నూటికి ఒకటికి దిగెను. అయినను పలువురు పెద్దలు నమ్మలేదు. తమ చేతులే చంపినవని ఒప్పుకొనుట అభిమానవంతులకు సులభము కాదు గదా! 1865లో ఆయన పిచ్చాసుపత్రిలో మరణించెను.

నేటి ఆపదలును తెలియనివి కావు. కానుపు తరువాత ఆగని రక్తస్రావము, రక్తపుపోటు హెచ్చి వచ్చు గుర్రపువాతము, అడ్డము తిరిగిన బిడ్డ, జ్వరము. వీటికి మందులున్నవి, శస్త్రచికిత్స యున్నది. వేళకు చేరుటయే కొరత. 2018-20 గణాంకముల ప్రకారము లక్ష సజీవ జననములకు కేరళలో 19 మంది, తెలంగాణలో 43 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది, అస్సాములో 195 మంది తల్లులు మరణించిరి. వియన్నాలోని ఆ రెండు గదులవలెనే ఇవియు ఒకే దేశపు గదులు. విధి రాష్ట్రముల సరిహద్దులు చూచి నడచునా?

కావున ఉపాధ్యాయులు ఈ కథను తరగతిలో చెప్పవలెను. రేపటి తల్లిదండ్రులు అచ్చటనే కూర్చుండియున్నారు. పురిటింట ఏడ్పు వినవచ్చినపుడు "ఏమి చేయగలము, విధి" అనక, "ఎందువలన? ఎవరు ఆలస్యము చేసిరి?" అని యడుగ నేర్చినవాడే విద్యావంతుడు. పునర్జన్మ యను మాట తల్లికి నమస్కారముగా మిగులవలెనే గాని, మన ఆలస్యమునకు సాకు కారాదు.