గుడుంబా మానేసిన అమ్మ ఆ తర్వాత ఆరు నెలలు ఎట్ల బతకాలె?

 

హాస్టల్లో ఎవరన్నా "మీ అమ్మ ఏం చేస్తది?" అంటే "కూలి" అంటం. అబద్ధం కాదు. కానీ కూలి దొరకని నెలల్లో పొయ్యి మీద ఏం ఉడికిందో కూడా మనకు తెలుసు. జూన్‌ల కొన్న పెట్టె, ప్లేటు, బస్సు చార్జీ నల్లబెల్లం పైసలతోనే వచ్చిన ఇండ్లు మన తండాల్లో ఉన్నయి.

గుడుంబా మంచిదని మేం అనడం లేదు. అది తాగి పోయినోళ్లు మన ఇండ్లల్లనే ఉన్నరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు సారా మీద లేచారు. 1993లో సారా బందైంది, 1995లో మొత్తం మద్య నిషేధం వచ్చింది. 1997లో నిషేధం సడలించి దుకాణాలు మళ్లీ తెరిచారు. అప్పటి నుంచి వైన్స్‌కు లైసెన్సు, మన యాడీలకు కేసు.

మానెయ్యమని చెప్పడం సులువు. ఎక్సైజోళ్లు వచ్చి ఊట పారబోస్తే అప్పు తెచ్చిన బెల్లం పోతది, అప్పు మాత్రం ఉంటది. అది కట్టనీకి మళ్లీ కాస్తది. తహసీల్దార్ ముందు బైండోవర్ చేస్తే, ఇంకోసారి దొరికిన రోజు పూచీకత్తు సొమ్ము కట్టాలె, లేకుంటే జైలు. తల్లి జైలుకు పోతే ఆరేళ్లలోపు పిల్లలు ఆమెతో ఉండొచ్చని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. మరి ఏడేళ్ల పిల్లను ఎవరు చూడాలె?

తెలంగాణలో గుడుంబా మానేసిన కుటుంబాలకు 2 లక్షల రూపాయల యూనిట్ పథకం వచ్చింది. మంచిదే. కానీ బర్రె వట్టిపోయిన నెలల్లో పాలు ఉండవు, గొర్రెలు అమ్మకానికి రావాలంటే టైం పడతది. ఆ సందులోనే ఫీజు కట్టాలె, అప్పోడు ఇంటి ముందు కూసుంటడు. అమ్మ మళ్లీ కుండ ఎత్తేది అప్పుడే. కాబట్టి యూనిట్‌తో పాటు మొదటి ఆరు నెలలు ఖర్చులకు నెలనెలా ఎంతో కొంత ఇవ్వాలని మనం అడగాలె.

1871లో మొదలైన చట్టం మనలో కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్తులంది. ఎరుకల అన్నదమ్ములకు ఆ బాధ బాగా తెలుసు. 1952లో అది రద్దైంది. ఇయ్యాల మనమే ఒక పిల్లను "గుడుంబోళ్ల బిడ్డ" అంటే ఆ చట్టాన్ని మన నోటితో మళ్లీ రాసినట్టే.

సెలవులకు ఊరికి పోయినప్పుడు మనం చేయగలిగేవి మూడున్నయి. మానేసిన అమ్మ దరఖాస్తు మనమే నింపాలె. ఆఫీసుకు ఆమెతో పోవాలె. మహిళా సంఘంల అప్పు అడిగేటప్పుడు పక్కన నిలబడాలె. మనకు చదువొచ్చింది, ఆమెకు సంతకం పెట్టడమే కష్టం. మీ తండాలో, గూడెంలో పరిస్థితి ఎట్లుందో కింద రాయండి. పేర్లు మాత్రం రాయొద్దు.